మీకు తెలుసా? 11 వజ్రాల యంత్రం, బొగ్గు తినే తాబేలు, గొయ్యి మిగల్చని గని

మైన్‌క్రాఫ్ట్ లోకమంతా మీటరు కొలత దిమ్మలే. 2009 మే నెలలో స్వీడన్‌లో పుట్టిన ఈ ఆటలో మొదటి నుంచీ ముఖ్యమైన పని తవ్వడమే. రాయి, బొగ్గు, ఇనుము, బంగారం, వజ్రం అన్నీ పికాక్స్ పట్టుకుని ఒక్కో దిమ్మ కొట్టి తెచ్చుకోవాలి. ఆ చాకిరీని యంత్రాలకు అప్పగించాలని ఆటగాళ్లే పూనుకుని కోడ్ రాసి ఆటకు జోడించారు. వాటినే మాడ్‌లు అంటారు. ఇప్పుడు తవ్వకపు యంత్రాలే డజన్ల కొద్దీ ఉన్నాయి. ఆడేవాళ్లు సాధారణంగా ఏది వేగంగా తవ్వుతుందని పోలుస్తారు. నేను బొగ్గు గనుల పక్క ఊళ్లో పెరిగాను. ఎంత మట్టి కదిలింది, పని అయ్యాక ఆ చోటు ఎలా మిగిలింది అన్న వైపు నుంచే నా చూపు ముందు వెళ్తుంది. కింద చెప్పిన సంగతులన్నీ ఆ చూపుతో ఏరుకున్నవే.

క్వారీ చేయడానికి 11 వజ్రాలు ఖర్చవుతాయని మీకు తెలుసా?

2011లో స్పేస్‌టోడ్ అనే మారుపేరు గల ప్రోగ్రామర్ బిల్డ్‌క్రాఫ్ట్ అనే మాడ్ విడుదల చేశాడు. మాడ్‌ల లోకంలో తవ్వకపు యంత్రం అనగానే చాలామందికి గుర్తొచ్చేది అందులోని క్వారీయే. దాని తయారీ ఉల్లిపాయ పొరల్లా ఉంటుంది. చెక్క గేరు చుట్టూ రాయి పేరిస్తే రాతి గేరు, దాని చుట్టూ ఇనుము పేరిస్తే ఇనుప గేరు, ఆపైన బంగారం, ఆ పైన వజ్రం. రెండు వజ్రపు గేర్లకు 8 వజ్రాలు, నడుమ పెట్టే వజ్రపు పికాక్స్‌కు 3. మొత్తం 11. వాటితోపాటు 16 బంగారు కడ్డీలు, 28 ఇనుప కడ్డీలు లోపలి పొరల్లోకి వెళ్లిపోతాయి.

ఇంత పెట్టి చేసిన యంత్రాన్ని నేల మీద ఊరికే దించితే ఏమవుతుంది? చట్రం ఒకటి కట్టుకుని, అందులో క్రేన్ లాంటి చెయ్యి అటూ ఇటూ కదుల్తూ 9×9 గొయ్యిని పొర తర్వాత పొరగా, లోకం అట్టడుగున పగలకుండా ఉండే అడుగుబండ దాకా తవ్వుతుంది. ఇక్కడ కాస్త లెక్క వేద్దాం. ఈ ఆట తన భూమిని 16×16 దిమ్మల ముక్కలుగా తయారు చేస్తుంది. ఒక్కో ముక్కను చంక్ అంటారు. పాత వెర్షన్లలో ఒక చంక్‌కు సగటున మూడు వజ్రపు దిమ్మలు ఉండేవి, అవీ అడుగు నుంచి లెక్కిస్తే 16వ మట్టానికి దిగువనే. చంక్ అంటే 256 నిలువు వరసలు. మన గొయ్యిలో ఉన్నవి 81. అంటే మూడో వంతు కూడా లేవు. సముద్ర మట్టం నుంచి తవ్వితే దాదాపు 4,800 దిమ్మలు పైకి వస్తాయి, వాటిలో సగటున దొరికే వజ్రం ఒకటి. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే. పెట్టుబడి తిరిగి రావాలంటే అలాంటి గోతులు పది దాటాలి.

అయితే ల్యాండ్‌మార్క్ అనే గుర్తు కంబాలు మూడింటిని ‘ఎల్’ ఆకారంలో పాతితే కథ మారిపోతుంది. అప్పుడు ఒక్కో వైపు 64 దిమ్మల దాకా హద్దు పెట్టుకోవచ్చు. చట్రం పోను లోపల మిగిలేది దాదాపు 15 చంక్‌ల నేల. ఒక్క గొయ్యిలో నలభైకి పైగా వజ్రాలు వస్తాయి, యంత్రం ఖర్చు నాలుగింతలై తిరిగొస్తుంది. కానీ ఆ నలభై కోసం రెండు లక్షలకు పైగా దిమ్మలు లేవాలి. ఈ మాడ్ ఉన్న పాత సర్వర్లలో అడుగుబండ దాకా దిగిన నలుచదరపు గోతులు అక్కడక్కడా కనిపించడానికి కారణం ఈ లెక్కే. చిన్న గొయ్యి గిట్టదు. క్వారీ స్వభావమే పెద్ద గొయ్యి అడుగుతుంది.

చేత్తో తవ్వేవాడు క్వారీని ఓడించగలడని తెలుసా?

పికాక్స్ మీద ఫార్చ్యూన్ మూడో స్థాయి మంత్రం ఉంటే ఒక వజ్రపు దిమ్మ నుంచి సగటున 2.2 వజ్రాలు రాలుతాయి. బిల్డ్‌క్రాఫ్ట్ క్వారీకి ఆ మంత్రం వేసే వీల్లేదు. అది కొట్టిన ప్రతి దిమ్మకూ ఒకటే వజ్రం, మిగతా సగానికి పైగా రాబడి గాల్లో కలిసినట్టే. ఈ లోటు చూసి తర్వాత క్వారీప్లస్ అనే మాడ్ వచ్చింది, అందులో క్వారీకే మంత్రాలు వేయొచ్చు. నా మటుకు నేను వజ్రాల మట్టం దాకా దిగి, అక్కడి నుంచి పికాక్స్‌తో కొమ్మలుగా సొరంగాలు తీసే పాత పద్ధతినే ఇష్టపడతాను. వజ్రం చుట్టూ ఉన్న రాయిని నెమ్మదిగా తొలిచి, ఎన్ని దిమ్మలు గుంపుగా ఉన్నాయో చూసుకునే ఆ నిమిషం ఏ యంత్రమూ ఇవ్వదు.

వేడెక్కితే ఇంజన్ పేలిపోతుందని?

క్వారీని నడిపే శక్తి ఇంజన్ల నుంచి రావాలి, దాన్ని బిల్డ్‌క్రాఫ్ట్ మైన్‌క్రాఫ్ట్ జౌళ్లలో కొలిచేది. ఆవిరి, ఇంధన ఇంజన్లను చూసుకోకుండా వదిలేస్తే రంగు మారుతూ ఎరుపుకొచ్చి చివరికి పేలిపోయేవి. చమురుతో నడిచేదానికి చల్లార్చే నీళ్లు గొట్టంలో అందుతుండాలి. గని నడపడమంటే తవ్వడం ఒక్కటే కాదని పదేళ్ల పిల్లలకు ఇంత సూటిగా నేర్పిన పాఠం నేను మరోచోట చూడలేదు.

ఖనిజాన్ని వెతికి మరీ తీసే గొట్టపు యంత్రం ఉందని తెలుసా?

ఇండస్ట్రియల్‌క్రాఫ్ట్ 2 మాడ్‌లోని మైనర్ ఆలోచన క్వారీకి పూర్తిగా ఎదురు. దానికి మూడు వస్తువులు అందించాలి: డ్రిల్లు, ఇనుప మైనింగ్ గొట్టాలు, స్కానర్. అది ఒకే ఒక్క దిమ్మ వెడల్పున గొట్టం దించుకుంటూ పోతుంది. మట్టం మట్టానికీ ఆగి, స్కానర్ చూపు మేర చుట్టూ ఖనిజం ఉందేమో వెతుకుతుంది. ఉంటే అంతవరకే తొలిచి తెచ్చుకుంటుంది, లేకపోతే దిగిపోతుంది. పని పూర్తయ్యాక డ్రిల్లు తీసేస్తే గొట్టాలను కూడా తనే పైకి లాగేసుకుంటుంది. బోరుబావి వేసి కేసింగ్ వెనక్కి తీసినట్టు.

దీని వెనక మిగిలేది ఎవరికీ కనిపించనంత సన్నటి రంధ్రం. చూపు చిన్నది కాబట్టి మాటిమాటికీ పీకి, పక్కకు జరిపి, మళ్లీ పాతాలి. గొట్టాలు అయిపోతే ఆగిపోతుంది. విసుగు పుట్టించే యంత్రమే, ఒప్పుకోవాలి. అదే మాడ్‌లోని మెసరేటర్ అనే గ్రైండరు ఒక ఖనిజపు దిమ్మను రెండు పిడికెళ్ల పొడిగా నూరుతుంది. అంటే తక్కువ తవ్వి, తెచ్చినదాన్నే రెండింతలు చేసుకోవచ్చు. పొదుపు తెలిసినవాళ్లు రాసిన మాడ్ అని నాకు అనిపిస్తుంది.

ఒక్క బొగ్గు ముక్కతో తాబేలు సరిగ్గా ఒక పొర తవ్వుతుందని మీకు తెలుసా?

ఇది చెప్పడానికి కాస్త వెనక్కి వెళ్లాలి. 1940ల చివర్లో బ్రిస్టల్‌లో విలియం గ్రే వాల్టర్ అనే శాస్త్రవేత్త వెలుతురు వెతుక్కుంటూ తిరిగే చిన్న రోబోలు చేసి తాబేళ్లని పిలిచాడు. 1967లో సీమూర్ పాపర్ట్, వాలీ ఫోయర్‌జైగ్, సింథియా సోలొమన్ పిల్లల కోసం లోగో అనే భాష తయారు చేశారు. దానికి నేల మీద పాకుతూ గీతలు గీసే తాబేలు తోడైంది. మన బడుల్లో కంప్యూటర్ పీరియడ్ మొదలైన కొత్తలో చాలామంది మొదట నేర్చింది ఆ తాబేలునే. ఎఫ్‌డీ 100, ఆర్‌టీ 90 అని కొడుతూ నాలుగుసార్లు తిప్పితే చతురస్రం వచ్చేది. ఆ తాబేలే 2012లో గునపం భుజాన వేసుకుని మైన్‌క్రాఫ్ట్‌లోకి వచ్చింది. డేనియల్ రాట్‌క్లిఫ్ 2011 చివర్లో విడుదల చేసిన కంప్యూటర్‌క్రాఫ్ట్ మాడ్‌లో టర్టిల్ అనే రోబో దాని వారసుడే.

దానికి వజ్రపు పికాక్స్ బిగిస్తే తవ్వే తాబేలు అవుతుంది. ఆ పికాక్స్ ఎన్నటికీ అరగదు. ఒక ముక్క బొగ్గుకు 80 అడుగులు నడుస్తుంది, బకెట్ లావా పోస్తే 1,000. దిమ్మ కొట్టడానికి, ఉన్నచోటే పక్కకు తిరగడానికి ఇంధనం అక్కర్లేదు, ముందుకో పైకో కిందికో కదిలితేనే ఖర్చు. ఇప్పుడు చూడండి: 9×9 పొరలో 81 గళ్లు, మొదటి గడిలో నిలబడి మిగతావన్నీ చుట్టి రావడానికి పట్టేవి 80 అడుగులు. అంటే ఒక పొరకు ఒక బొగ్గు ముక్క. కిందికి దిగే అడుగులకూ, సంచి నిండినప్పుడు పైకొచ్చి పెట్టెలో పోసి వెళ్లే రాకపోకలకూ మరికొంత కావాలి. ఖర్చు మొత్తం చూసుకున్నా క్వారీ పక్కన ఇది కూలి బడ్జెట్టే: ఏడు ఇనుప కడ్డీలు, ఒక కంప్యూటర్, ఒక పెట్టె, మూడు వజ్రాల పికాక్స్.

దీనికి ఎక్స్‌కవేట్, టన్నెల్ అనే సిద్ధం చేసిన ప్రోగ్రాములు ఉన్నాయి. కానీ అందం అంతా సొంతంగా రాసుకోవడంలోనే ఉంది. భాష లువా, 1993లో బ్రెజిల్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో పుట్టింది. ‘తవ్వు, ముందుకు నడు’ అని పదిసార్లు రాసి పంపిన కొత్తవాళ్ల తాబేలు కంకర తగలగానే దారి తప్పుతుంది. ఎందుకంటే ఈ ఆటలో రాయి గాల్లోనైనా నిలుస్తుంది కానీ ఇసుక, కంకర మాత్రం కింద ఆధారం పోగానే జారి పడతాయి. తాబేలు ఎదుటి కంకర తీసిందో లేదో పైనున్నది ఆ చోట్లోకి జారుతుంది, అడుగు పడదు, అయినా ప్రోగ్రాము అడుగు వేసినట్టే లెక్కించుకుని పోతుంది. ‘ఎదురుగా ఏదైనా ఉన్నంతసేపూ తవ్వుతూనే ఉండు’ అని రాయాలని అప్పుడు తెలుస్తుంది. ప్రోగ్రామింగ్‌లో లూప్ ఎందుకో ఎన్ని పాఠాలు చెప్పినా ఎక్కనిది, కంకర కింద ఇరుక్కున్న తాబేలును వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు ఒక్క పూటలో ఎక్కుతుంది. తవ్వే యంత్రాల్లో నాకు అన్నిటికన్నా ప్రియమైనది ఇదే. ఏది తవ్వాలో, ఏది వదలాలో, ఎప్పుడు ఇంటికి రావాలో మనమే ఆలోచించి దానికి చెప్పాలి.

పట్టాలు వేసుకుంటూ సొరంగం తవ్వే బండి ఉందని?

రైల్‌క్రాఫ్ట్ మాడ్‌లోని టన్నెల్ బోర్ 3×3 సొరంగం తొలుస్తూ, తను నడవాల్సిన పట్టాలు తనే పరుచుకుంటూ పోతుంది. దారిలో గుంత వస్తే కంకర నింపి సమం చేస్తుంది. ముందున్న కోరల చక్రం అరిగితే మార్చాలి. వెలిగొండ ప్రాజెక్టులో కృష్ణా నీళ్ల కోసం దింపిన టన్నెల్ బోరింగ్ మెషిన్ల గురించి చదివినవాళ్లకు దీని నడక పరిచయంగానే ఉంటుంది.

రెడ్‌పవర్ అనే పాత మాడ్‌లో సిద్ధంగా ఉన్న తవ్వే యంత్రం కన్నా, కదిలే చట్రాలకు దిమ్మలు పగలగొట్టే పెట్టెలు తగిలించి ఆటగాళ్లు తామే కట్టుకున్న యంత్రాలకే పేరు ఎక్కువ. దాన్ని రాసిన ఎలోరామ్ పని ఆపేయడంతో ఆట కొత్త వెర్షన్లకు అది రాలేదు. ఇప్పుడు క్రియేట్ మాడ్ ఆ సరదాను మళ్లీ తెచ్చింది. అందులో తవ్వే డ్రిల్లుకు కరెంటు లేదు. నీటి చక్రమో గాలిమరో తిప్పిన ఇరుసు, పళ్ల చక్రాలు, నిమిషానికి 256 దాకా చుట్లు. ఒక ఇరుసు మీద మోయలేనంత బరువు వేస్తే మొత్తం ఆగిపోతుంది. గానుగ తిరగడం చూసినంత తృప్తి దాన్ని చూస్తుంటే.

గొయ్యి మిగల్చడానికి అదనంగా ఖర్చు పెట్టాల్సిన యంత్రం ఉందని తెలుసా?

ఎక్స్‌ట్రా యుటిలిటీస్ మాడ్‌లోని ఎండర్ క్వారీ గురించి చెప్పకుండా ఈ పోలిక పూర్తి కాదు. మామూలు కంచెతో హద్దు కట్టి దీన్ని నడిపితే, తీసిన ప్రతి దిమ్మ స్థానంలో ఒక మట్టి దిమ్మ పెడుతూ పోతుంది. పైన చెట్టు చేమ పోతుంది కానీ నేల నేలగానే ఉంటుంది. నాకు లోతైన గొయ్యే కావాలి అంటారా, దానికి వరల్డ్ హోల్ అనే అప్‌గ్రేడ్ విడిగా తయారు చేసి పక్కన బిగించాలి. ఆర్‌ఎఫ్‌టూల్స్ మాడ్‌లోని బిల్డర్ కూడా దాదాపు ఇదే బాట పట్టింది. దానికిచ్చే క్వారీ కార్డు మట్టి నింపే రకం, ఖాళీగా వదలాలంటే వేరే కార్డు.

ఈ యంత్రాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది గోదావరి ఇసుక. సింగరేణి భూగర్భ గనుల్లో బొగ్గు తీసిన ఖాళీలను అలాగే వదిలితే పైకప్పు కూలుతుంది, పైనున్న నేల కుంగుతుంది. అందుకే ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల ద్వారా కిందికి పంపి ఆ ఖాళీలు నింపుతారు. శాండ్ స్టోయింగ్ అంటారు. నీళ్లు వడిసిపోయి ఇసుక గట్టిపడి కప్పును మోస్తుంది. ఆటలో రాయి దానంతటది కూలదు కాబట్టి ఎండర్ క్వారీకి ఆ అవసరం లేదు. అయినా తీసినచోట ఏదో ఒకటి నింపాలన్న ఆలోచన అందులోకి రావడం నాకు పెద్ద విషయంగానే తోచింది.

దానికి సాంకేతిక కారణమూ ఉంది. ఈ ఆట సెకనుకు 20 టిక్కుల లెక్కన నడుస్తుంది, అంటే లోకంలోని ప్రతి మార్పునూ సర్వరు 50 మిల్లీసెకన్లలో తేల్చాలి. పెద్ద గొయ్యి తెరిస్తే వెలుతురు లోపలికి ఎంత దిగుతుందో మళ్లీ లెక్కగట్టాలి. గోడలో భూగర్భ చెరువు పగిలితే నీళ్లు పొర పొరకూ పారుతూనే ఉంటాయి, ప్రతి పారుదలా ఒక లెక్కే. పదిమంది పది గోతులు తవ్వితే సర్వరు ఈడ్చుకుంటూ నడుస్తుంది. తీసిన చోట వెంటనే మట్టి పెడితే ఈ బాధలేవీ ఉండవు.

రాయిని ముట్టుకోకుండా ఖనిజాన్ని మాయం చేసే యంత్రం సంగతి?

మెకానిజం మాడ్‌లోని డిజిటల్ మైనర్. దానికి జాబితా ఇస్తాం: ఇనుము, వజ్రం, ఇంకేదైనా. చుట్టూ 32 దిమ్మల వ్యాసార్ధం దాకా వెతికి, జాబితాలో ఉన్నవాటిని మాత్రమే తన దగ్గరికి రప్పించుకుంటుంది. డ్రిల్లు కనబడదు, గొట్టం కనబడదు. తయారీలో టెలిపోర్టేషన్ కోర్‌లు ఎందుకు కావాలో ఇప్పుడు అర్థమవుతుంది. దిమ్మను పగలకుండా తీసే సిల్క్ టచ్ పెడితే కరెంటు కొన్ని రెట్లు ఎక్కువ తాగుతుంది, కానీ అలా తెచ్చిన ఖనిజాన్ని అదే మాడ్‌లోని రసాయన యంత్రాల వరసలో వేస్తే అయిదింతల దాకా లోహం వస్తుంది. తీసిన చోట రాయి నింపమని కూడా చెప్పొచ్చు. భూమి పైనుంచి చూస్తే ఏమీ జరిగినట్టుండదు. నింపకపోతే లోపల మాత్రం ఖనిజమున్న ప్రతిచోటా దాని ఆకారంలోనే ఖాళీ. మైనర్ గొట్టం కన్న కల ఇందులో నెరవేరిందనొచ్చు.

అసలైన గని పద్ధతికి దగ్గరగా ఉన్నది ఏదంటే?

ఇమ్మర్సివ్ ఇంజనీరింగ్ మాడ్‌లోని ఎక్స్‌కవేటర్. ఇందులో ముందు కోర్ శాంపిల్ డ్రిల్లుతో నమూనా తీసి కింద ఏ నిక్షేపం ఉందో తెలుసుకోవాలి. భూగర్భ శాస్త్రజ్ఞులు నిజంగా చేసేది అదే. తర్వాత బకెట్ల చక్రం ఉన్న భారీ యంత్రాన్ని దిమ్మ దిమ్మ పేర్చి కట్టాలి. నిక్షేపానికి పరిమితి ఉంటుంది, మామూలు సెట్టింగులో 38,400 దఫాలు తవ్వాక ఆ చంక్ వట్టిపోతుంది. ఆపైన యంత్రాన్ని విప్పి ఇంకోచోటికి మోసుకుపోవాల్సిందే.

దీని నిజమైన అన్నలు జర్మనీ లిగ్నైట్ గనుల్లో ఉన్నారు. 1978లో తయారైన బ్యాగర్ 288 బరువు దాదాపు 13,500 టన్నులు, చక్రానికి 18 బకెట్లు. 2001లో దాన్ని ఒక గని నుంచి 22 కిలోమీటర్ల దూరంలోని ఇంకో గనికి నడిపించడానికి మూడు వారాలు పట్టింది. మన పక్కనే నైవేలి లిగ్నైట్ గనుల్లోనూ బకెట్ వీల్ యంత్రాలు పనిచేస్తున్నాయి.

అసలు భూమే అక్కర్లేని గనులున్నాయని?

మైన్‌ఫ్యాక్టరీ రీలోడెడ్ లేజర్ డ్రిల్లు అడుగుబండ మీదికి కాంతి కిరణం వదిలి, ఎంతకాలమైనా ఖనిజం ఇస్తూనే ఉంటుంది. లేత నీలం లెన్సు పెడితే వజ్రాల పాలు పెరుగుతుంది. ఎన్విరాన్‌మెంటల్ టెక్ వాళ్ల వాయిడ్ మైనర్‌దీ ఆ తోవే. ఎక్స్‌ట్రా యుటిలిటీస్ రెండో అవతారంలో క్వాంటమ్ క్వారీ వచ్చింది. నడుమ యంత్రం, ఆరు వైపులా ఆరు యాక్చుయేటర్లు. మన లోకాన్ని వదిలేసి వేరే లోకంలో తవ్వి సరుకు పంపుతుంది. సర్వరు నడిపేవాళ్లకు ఇవి పండగే, గోతులూ లేవు, భారమూ లేదు. నాకు మాత్రం వీటితో ఎక్కువసేపు ఉండబుద్ధి కాదు. కరెంటు పోస్తే ఖనిజం వస్తుంది, నడుమ నేల లేదు, వెతుకులాట లేదు.

ఒక్క అప్‌డేట్‌తో గనుల లోతు రెండింతలైందని?

2021 నవంబర్ 30న వచ్చిన 1.18 వెర్షన్ అడుగుబండను సున్నా మట్టం నుంచి మైనస్ 64కి దించింది. సముద్ర మట్టం నుంచి అరవై మూడు దిమ్మలుండే లోతు నూట ఇరవై ఏడు అయింది. వజ్రాలు అడుగుకు పోయేకొద్దీ ఎక్కువ దొరికేలా పంచారు. పొర పొరా తవ్వుకుపోయే యంత్రాలకు పని రెట్టింపు. మట్టం చెప్పి అక్కడే వెతకమనగల డిజిటల్ మైనర్ లాంటివాటికి మాత్రం ఇది పెద్ద లెక్కలోది కాదు.

తాబేలుకు పేరు పెట్టకపోతే ఏమవుతుందో తెలుసా?

మొదటి కంప్యూటర్‌క్రాఫ్ట్‌లో లేబుల్ లేని తాబేలును విరగ్గొట్టి సంచిలో వేసుకుంటే, మళ్లీ పెట్టేసరికి కొత్త తాబేలు. మీరు రాసిన ప్రోగ్రాములేవీ దానికి గుర్తుండవు. లేబుల్ సెట్ అని కొట్టి ఏదో ఒక పేరు ఇస్తే చాలు, ఎక్కడికి మోసుకెళ్లినా నేర్చుకున్నదంతా దానితోనే ఉంటుంది. 2017లో ఈ మాడ్ కోడ్‌ను అందరికీ తెరిచారు. ఇప్పుడు సీసీ ట్వీక్డ్ పేరుతో కొనసాగుతోంది, అందులోనూ తాబేలు 80 అడుగులకు ఒక బొగ్గు ముక్కే తింటోంది.